‘జెర్రీ బతికిపోయాడు’ అన్నవాళ్లకు: డాలస్ తెలుగు ఫుట్‌బాల్ అభిమానులకు బహిరంగ లేఖ

ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్, కొప్పెల్‌లలో ఆదివారం మధ్యాహ్నం ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) ఆట కోసం టీవీ ముందు కూర్చునే మన తెలుగువాళ్లందరికీ,

నమస్కారం.

2025 డిసెంబరు 14న డెన్వర్‌లో మైకా పార్సన్స్, ఆగస్టుదాకా మన డాలస్ కౌబాయ్స్‌లో ఉండి ఆ తర్వాత గ్రీన్‌బే ప్యాకర్స్‌కు వెళ్లినవాడు, మోకాలు పట్టుకుని కూలబడిన పది నిమిషాలకే నా ఫోన్ మోగడం మొదలైంది. మూడు వాట్సాప్ గ్రూపులు, మూడింటిలోనూ ఒకటే సంబరం. ‘జెర్రీ బతికిపోయాడు’ అని ఒకరు, అంటే అతన్ని వదులుకున్న కౌబాయ్స్ యజమాని జెర్రీ జోన్స్. ‘188 మిలియన్లు గోవిందా, పాపం గ్రీన్‌బే’ అని ఇంకొకరు. ఒకాయన లడ్డూ బొమ్మ పెట్టారు. మోకాలి లిగమెంటు (ఏసీఎల్) తెగిందని ఖాయమయ్యాక కూడా ఆ లడ్డూ కింద చప్పట్లు పడుతూనే ఉన్నాయి. గ్రూపులోనే జవాబు రాద్దామని మొదలుపెట్టి మూడుసార్లు చెరిపేశాను. నాలుగు ముక్కల్లో తేలే విషయం కాదని ఇలా అందరికీ కలిపి రాస్తున్నాను.

నేనూ కౌబాయ్స్ అభిమానినే. ఈ మాట ముందే చెప్పకపోతే ‘వీడు ప్యాకర్స్ మనిషి’ అంటారు. ఖమ్మం నుంచి వచ్చి ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంటులో దిగినప్పుడు ఈ ఆట గురించి నాకు తెలిసిందల్లా బంతి గుండ్రంగా ఉండదని. మిగతాదంతా మీలో కొందరు నేర్పిందే. కాబట్టి ఇది బయటివాడి సుద్దులు కాదు. ఆగస్టులో పార్సన్స్‌ను ఆశపోతు అన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

ఆ ఆగస్టు సంగతే ముందు. అతని చేతిలో అప్పుడున్నది తొలి కాంట్రాక్టులో మిగిలిన ఐదో ఏడాది, దాదాపు 24 మిలియన్లు. కొత్త కాంట్రాక్టు గురించి మార్చిలో జెర్రీ జోన్స్ అతన్ని పిలిపించి, ఏజెంట్ లేకుండా మాట్లాడారు. ఆ రోజే అంతా కుదిరిపోయిందని జెర్రీ అంటారు. అవి మామూలు కబుర్లు, బేరం కాదని పార్సన్స్ అంటాడు. ఎవరి మాట నిజమో నాకు అక్కర్లేదు. మన ఊళ్లలో అరెకరం పొలం బేరానికి కూడా ఇద్దరు పెద్దమనుషులు కూర్చుంటారు. వందల మిలియన్ల కాంట్రాక్టుకు ఏజెంట్ ఉండాలన్నందుకు అతన్ని పొగరుబోతు అన్నాం.

తర్వాత ఆ ఫొటో. అట్లాంటా ఫాల్కన్స్ జట్టుతో ప్రీసీజన్ ఆట (సీజన్‌కు ముందు ఆడే సన్నాహక ఆట) జరుగుతుంటే మైదానం పక్కన చికిత్స బల్ల మీద వెల్లకిలా పడుకున్న ఫొటో. దానికి మనం పెట్టిన మీమ్‌లు ఇప్పటికీ నా ఫోన్‌లో ఉన్నాయి. 2020లో లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ కుదిరిన ఒప్పందం ప్రకారం, కాంట్రాక్టు ఉన్న ఆటగాడు శిక్షణ శిబిరానికి రాకపోతే రోజుకు 40, 50 వేల డాలర్ల జరిమానా. అందుకే ఇప్పుడు చాలామంది ఇంట్లో కూర్చుని అలగరు. శిబిరానికి వస్తారు, మీటింగులకు వెళ్తారు, ఆట మాత్రం ఆడరు. మన ప్రభుత్వ ఆఫీసుల్లో పెన్‌డౌన్ సమ్మె చూశాం కదా. రిజిస్టరులో సంతకం పడుతుంది, కుర్చీలో మనిషి ఉంటాడు, పెన్ను మాత్రం ముట్టడు. అచ్చం అదే.

ఆ వేసవిలోనే జెర్రీ విలేకరుల ముందు ఒక మాటన్నారు. డబ్బిచ్చి సంతకం పెట్టించుకున్నంత మాత్రాన మనిషి మైదానంలో ఉంటాడని నమ్మకం ఏముంది, పోయిన ఏడాది ఆరు ఆటలు దెబ్బతోనే పోయాయి కదా అని. నిజానికి పోయినవి నాలుగు. లెక్క అటుంచండి. దెబ్బ తగిలితే నష్టం తనది కాకూడదని యజమాని పైకే అనగలిగాడు. ఆటగాడు అడిగింది కూడా సరిగ్గా అదే, దెబ్బ తగిలితే నష్టం తనొక్కడిదే కాకూడదని. ఒకే మాటకు ఒకరిని తెలివైనవాడన్నాం, ఇంకొకరిని ఆశపోతన్నాం.

ఆగస్టు 28న జెర్రీ పార్సన్స్‌ను గ్రీన్‌బేకు ఇచ్చేశారు. అక్కడ అతని కొత్త కాంట్రాక్టు నాలుగేళ్లకు 188 మిలియన్లు. అందులో సంతకం పెట్టిన రోజే పూర్తి గ్యారంటీ అయినది 120 మిలియన్లు. డిసెంబరు 14న పడిపోయేటప్పటికి ఆ 120కి ఢోకా లేదు. మీరు ‘గోవిందా’ అన్న డబ్బు అదే. ఎవరికి మునిగిందో, ఎవరిని ఒడ్డున పడేసిందో చూసి లడ్డూ పెట్టాలి కదా.

ఈ గ్యారంటీ అనే మాట మనకు కొత్తేం కాదు. ‘అబ్బాయి ప్యాకేజీ ఎంత’ అని అడిగినప్పుడు చెప్పే అంకె వేరు, నెలాఖరున చేతికొచ్చేది వేరు. కాన్సస్ సిటీ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి జట్టు దాడిని నడిపించే ఆటగాడు) ప్యాట్రిక్ మహోమ్స్ 2020లో పదేళ్లకు 450 మిలియన్ల కాంట్రాక్టు రాసుకున్నప్పుడు మనం నోరెళ్లబెట్టాం. ఆ రోజు పూర్తి గ్యారంటీగా ఉన్నది సుమారు 63 మిలియన్లు. మిగతాది ఏ ఏటికాయేడు, ముందుగా చెప్పుకున్న తేదీకి జట్టులో ఉంటేనే గట్టిపడుతుంది. మన కౌబాయ్స్ క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ 2024 సెప్టెంబరులో రాసుకున్నది 240 మిలియన్లు, గ్యారంటీ 231 అని వార్త వచ్చింది. అందులోనూ సంతకం రోజుకు పూర్తిగా గట్టిది 129. తక్కినదానికి షరతులు. అంటే గ్యారంటీ అన్న అంకెలో కూడా అసలు గ్యారంటీ ఎంతని మళ్లీ అడగాలి. దెబ్బ తగిలితేనే ఇచ్చే గ్యారంటీ ఒకటి, ఆట బాగోలేదని తీసేసినా ఇచ్చేది ఒకటి, జీతాల పరిమితిలో (ఒక జట్టు ఏడాదికి ఆటగాళ్లందరి మీదా కలిపి ఖర్చుపెట్టగల హద్దు) చోటు కోసం తీసేసినా ఇచ్చేది ఒకటి. మూడూ కలిస్తేనే దాన్ని పూర్తి గ్యారంటీ అంటారు.

గ్యారంటీ లేని భాగం సంగతి లీగ్ ప్రామాణిక కాంట్రాక్టు పదకొండో పేరాలో ఉంటుంది. జట్టులో చోటు కోసం పోటీపడుతున్న మిగతావాళ్లతో పోలిస్తే నీ ఆట చాలదని క్లబ్‌కు అనిపిస్తే చాలు, కాంట్రాక్టు రద్దు. అనిపించాల్సింది క్లబ్‌కే, ఇంకెవరికీ కాదు. ఆటగాడికి మాత్రం ‘ఇక్కడ నాకు బాగాలేదు, వెళ్తాను’ అనే హక్కు లేదు. ఐదేళ్ల కాంట్రాక్టు ఆటగాడిని ఐదేళ్లు కట్టేస్తుంది. క్లబ్‌కు ఏడాదికోసారి ముడి విప్పుకునే వీలుంటుంది. ఓడ దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య అని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఇది చదివి ‘మిలియన్లు తీసుకునేవాడి బాధ మనకెందుకు’ అనుకునేవాళ్లకు నా సంగతి ఒకటి చెబుతాను. నన్ను ఉద్యోగంలోంచి తీసేశారని మీలో చాలామందికి తెలుసు. కంపెనీ పేరు వద్దు. ఆఫర్ లెటర్‌లో నాలుగేళ్ల స్టాక్ ఉండేది. ఆ అంకె చూసుకునే ఇల్లు కొన్నాం. రెండో ఏడాది నిండడానికి నెల ఉందనగా ఒక పొద్దున పదిహేను నిమిషాల మీటింగ్, మధ్యాహ్నానికి ల్యాప్‌టాప్ లాక్. చేతికి రాని స్టాకంతా ఆవిరి. పైగా వీసాకు 60 రోజుల గడువు. ఆ టెన్షన్‌లో ఉన్నప్పుడు ‘ఇన్నాళ్లూ బాగానే తీసుకున్నాడుగా’ అని మీలో ఒక్కరూ అనలేదు. ఇద్దరు నా రెజ్యుమే పట్టుకుని తిరిగారు. ఒక వదిన నెలరోజులు మా వాణ్ణి స్కూలు నుంచి తెచ్చారు. గ్యారంటీ లేని కాంట్రాక్టంటే చేతికి రాని ఆ స్టాకే. తేడా ఏమిటంటే నాకు ఇంకో ఉద్యోగం దొరికింది, నా మోకాలు బాగానే ఉంది, ఇంకో ఇరవై ఏళ్లు కీబోర్డు కొట్టగలను. ఈ ఆటలో కెరీర్ సగటు మూడేళ్ల పైచిలుకని ఆటగాళ్ల సంఘం చెబుతుంది.

ఇంకా కిందికి దిగి చూడండి. పార్సన్స్, మహోమ్స్ ఎలాగూ బతికేస్తారు. బఫెలో ఆటగాడు డమార్ హామ్లిన్ గుర్తున్నాడా? 2023 జనవరి 2న సిన్సినాటిలో, సోమవారం రాత్రి ఆటలో, ఎదుటివాణ్ణి టాకిల్ చేసి (పట్టి పడగొట్టి) లేచి మళ్లీ పడిపోయాడు. గుండె ఆగింది. మైదానంలోనే గుండె మీద ఒత్తుతుంటే దేశమంతా చూసింది. మా ఇంట్లో ఆ రాత్రి ఎవరూ అన్నం తినలేదు. డ్రాఫ్టులో, అంటే కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునేటప్పుడు, ఆరో రౌండులో వచ్చిన కుర్రాడు. అతని కాంట్రాక్టులో రెండు జీతాలున్నాయి, ఆడితే ఒకటి, దెబ్బల జాబితాలో పడితే దాదాపు సగం. అంటే ఆస్పత్రి మంచం మీద ఉండగానే కాగితం ప్రకారం అతని వారం జీతం తగ్గిపోవాలి. దేశం కళ్లన్నీ అతని మీదే ఉన్నాయి కాబట్టి బఫెలో క్లబ్, లీగ్, సంఘం మాట్లాడుకుని ఆ సీజన్ జీతం మొత్తం ఇచ్చారు. మంచిదే. కాని అలాంటి రెండు జీతాల కాంట్రాక్టుతో ఏ టీవీలోనూ కనిపించకుండా, ప్రాక్టీసులో మోకాలు విరగ్గొట్టుకునే కుర్రాళ్లు ప్రతి క్యాంపులోనూ ఉంటారు.

ఇంకో తమాషా ఉంది. నాలుగు సీజన్లు నిండిన ఆటగాడు సీజన్ మొదటి ఆటకు జట్టులో ఉంటే, తర్వాత తీసేసినా ఆ ఏడాది జీతం అడగొచ్చు. అందుకని కొన్ని క్లబ్బులు ఆగస్టు చివర అలాంటివాణ్ణి తీసేసి, మొదటి ఆట అయ్యాక మళ్లీ పిలుస్తాయి. అతను సూట్‌కేసు సర్దుకునే ఉంటాడు.

అవతలివైపు వాదన లేదనను. మన బ్యాచ్‌లో దాన్ని బాగా చెప్పేవాళ్లున్నారు. జీతాల పరిమితి 2025లో ఒక్కో జట్టుకు 279.2 మిలియన్లు. ఆ సొమ్ము ఎంతో ముందే ఖాయం. ఆడలేనివాడికి గ్యారంటీగా వెళ్లే ప్రతి డాలరూ ఆడేవాడి వాటాలోంచే పోతుంది. యజమాని జేబుకు పడే చిల్లు కాదది, పక్క కుర్రాడి జేబుకు పడేది. దీనికి అందరూ చూపించేది క్లీవ్‌లండ్‌నే. 2022 మార్చిలో క్వార్టర్‌బ్యాక్ డిషాన్ వాట్సన్‌కు ఐదేళ్లకు 230 మిలియన్లు, ఒక్క సెంటు మినహాయించకుండా మొత్తం గ్యారంటీ ఇచ్చారు. అప్పటికే అతని మీద ఇరవైమందికి పైగా మహిళలు వేసిన లైంగిక దుష్ప్రవర్తన కేసులున్నాయి. తొలి ఏడాదే 11 ఆటల నిషేధం పడింది. మొదటి మూడు సీజన్లలో ఆడినవి 19 ఆటలు. ఈ ఉదాహరణకు నా దగ్గర జవాబు లేదు, అది చెడ్డ కాంట్రాక్టే. కాని గ్యారంటీ ఇవ్వమని క్లీవ్‌లండ్ మెడ మీద ఎవరూ కత్తి పెట్టలేదు. వేరే క్లబ్బులు పోటీకొస్తే గెలవడానికి వాళ్లే ఇచ్చారు. 2024లో డెన్వర్ తన క్వార్టర్‌బ్యాక్ రస్సెల్ విల్సన్‌ను వదిలించుకుని, అతను పిట్స్‌బర్గ్‌కు ఆడుతుంటే తన ఖాతాలోంచి 38 మిలియన్లకు దగ్గర దగ్గర కట్టింది. తప్పు లెక్క వేసినవాడు కట్టాడు. నాకు అందులో అన్యాయమేమీ కనిపించదు.

వాట్సన్ కాంట్రాక్టు తర్వాత జరిగింది చూస్తే నాకు కోపం వస్తుంది. ఆ నెలలోనే యజమానుల సమావేశం జరిగింది. మొత్తం గ్యారంటీ చేయకుండా ఉండాల్సిందని, ఇక మిగతా బేరాలు కష్టమవుతాయని బాల్టిమోర్ యజమాని స్టీవ్ బిషోటీ బయటే అన్నారు. మరుసటి ఏడాది అదే బాల్టిమోర్‌లో క్వార్టర్‌బ్యాక్ లమార్ జాక్సన్, ఏజెంట్ కూడా లేకుండా, పూర్తి గ్యారంటీ అడిగాడు. లీగ్ అత్యుత్తమ ఆటగాడి అవార్డు గెలిచినవాడు. అతనితో మాట్లాడుకోవచ్చని మార్చిలో మిగతా 31 క్లబ్బులకూ తలుపు తెరిచి పెట్టారు. క్వార్టర్‌బ్యాక్ లేక ఏళ్ల తరబడి అల్లాడే క్లబ్బుల్లో ఒక్కటి కూడా ఆఫర్ పెట్టలేదు. చివరికి 260 మిలియన్లకు, 185 గ్యారంటీతో బాల్టిమోర్‌లోనే సంతకం చేశాడు. మంచి సంబంధం వచ్చి వాకిట్లో నిలబడితే ఊరుమొత్తం తలుపులేసుకుందంటే, ఎవరో చెప్పే ఉంటారని మా అమ్మకు కూడా అనుమానం వస్తుంది.

ఆటగాళ్ల సంఘం దావా వేసింది. మధ్యవర్తి క్రిస్టొఫర్ డ్రోనీ 2025 జనవరిలో 61 పేజీల తీర్పిచ్చారు. ఆ 2022 సమావేశంలో గ్యారంటీలు తగ్గించమని లీగ్ యాజమాన్య మండలి, లీగ్ అధిపతి అయిన కమిషనర్ ఆశీస్సులతోనే, క్లబ్బులను ప్రోత్సహించిందని రాశారు. కాని ఆ మాట విని క్లబ్బులు కుమ్మక్కయ్యాయనడానికి ఆధారం చాలదన్నారు. సంఘం ఓడిపోయినట్టే. అయినా మొదటి సగం చాలు కదా, ఊరూరా చాటడానికి? ఆ తీర్పును సంఘం తన సభ్యులకే చూపించలేదు. లీగ్‌తో కలిసి నెలల తరబడి దాచింది. జూన్‌లో విలేకరి పాబ్లో టోరే తన పాడ్‌కాస్ట్‌లో బయటపెడితే గాని ఆటగాళ్లకు తెలియలేదు. ఇది, ఇంకొన్ని ఆరోపణలు కలిసి జూలై 17న సంఘం అధిపతి లాయిడ్ హోవెల్ రాజీనామా చేశారు. మన గ్రూపుల్లో ఆ వారం ఈ వార్త ఎవరూ పెట్టలేదు. అప్పుడు మనం పార్సన్స్ సంతకం చేస్తాడా లేదా అని పందేలు కాస్తున్నాం.

బేస్‌బాల్‌లో, బాస్కెట్‌బాల్‌లో గ్యారంటీ మామూలు విషయం. వాటికంటే దెబ్బలు ఎక్కువ తగిలే ఈ ఆటలో మాత్రం అది మామూలు కాదు. కారణం వెతికితే 1987కు వెళ్లాలి. ఆ ఏడాది ఆటగాళ్లు చేసిన సమ్మె 24 రోజులే నిలిచింది. యజమానులు బదులు ఆటగాళ్లను తెచ్చి ఆటలు నడిపించారు. టీవీ ఆగలేదు. సమ్మె గీత దాటి ముందుగా లోపలికి వెళ్లినవాళ్లలో మన డాలస్ పెద్ద పేర్లే ఉన్నాయి, రాండీ వైట్, టోనీ డోర్సెట్. బయటే ఉంటే కాంట్రాక్టులో తర్వాత్తర్వాత రావలసిన సొమ్ము పోతుందని కౌబాయ్స్ యాజమాన్యం బెదిరించింది. డోర్సెట్‌ను నేను తప్పుపట్టను. రావలసిన డబ్బు గ్యారంటీ కాకపోతే మనిషి ఎలా లొంగుతాడో అంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఇప్పుడు యజమానులు చెప్పే సాకు ఇంకొకటి. గ్యారంటీ చేసిన రాబోయే ఏళ్ల డబ్బును, మొదటి 15 మిలియన్లు పోను, క్లబ్ ముందే విడిగా జమ చేయాలన్న నిబంధన. అంత నగదు ఎక్కణ్ణుంచి తేవాలి అంటారు. క్లబ్ దివాలా తీస్తే ఆటగాడి డబ్బు పోకూడదని పాతకాలంలో పెట్టిన కాపలా అది. 2021లో పదకొండేళ్లకు వంద బిలియన్లు దాటిన టీవీ ఒప్పందాలు చేసుకున్న లీగ్‌లో దివాలా భయమట. జెర్రీ 1989లో 140 మిలియన్లకు కొన్న జట్టు ఇప్పుడు పది బిలియన్లు దాటింది. ఆయన దగ్గర నగదు లేదంటే ఫ్రిస్కోలో కౌబాయ్స్ ప్రధాన కేంద్రం ‘ది స్టార్’ పక్కన ఇల్లు కొని ఏటా ప్రాపర్టీ టాక్స్ కట్టే మనకు నవ్వొస్తుంది.

గాలి కొంచెం మారుతోంది. మొదటి రౌండులో వచ్చే కుర్రాళ్ల కాంట్రాక్టులు ఇప్పుడు పూర్తి గ్యారంటీయే. రెండో రౌండుకు అది ఉండేది కాదు. 2025 మేలో మన రాష్ట్రపు జట్టే, హ్యూస్టన్ టెక్సన్స్, 34వ ఎంపిక జేడెన్ హిగిన్స్‌కు మొత్తం గ్యారంటీ ఇచ్చింది. రెండో రౌండులో అదే మొదటిసారి. వెంటనే 33వ ఎంపిక కార్సన్ ష్వెసింజర్‌కు క్లీవ్‌లండ్ ఇవ్వక తప్పలేదు. అంతే, మిగతా ముప్పైమందీ పెన్ను కింద పెట్టేశారు. జూలై సగానికొచ్చినా ఒక్కరూ సంతకం చేయలేదు. ఇరవై రెండేళ్ల పిల్లలు, ఏ సంఘమూ చెప్పకుండా, వాళ్లలో వాళ్లే ఆగారు. ఆగినందుకు కొందరికి మొత్తం గ్యారంటీ వచ్చింది, మరికొందరికి ఇదివరకటికంటే పెద్ద వాటా వచ్చింది. ఆ జూలైలో మనం ‘ఒక్క ఆటా ఆడకుండానే పొగరు’ అని రాసుకున్నాం. నేనే రాశాను, వెతికితే దొరుకుతుంది.

మీ నుంచి నేను కోరేది పెద్దదేం కాదు. మార్చిలో ఫ్రీ ఏజెన్సీ (కాంట్రాక్టు ముగిసినవాళ్లు ఏ జట్టుతోనైనా బేరమాడుకునే కాలం) తెరుచుకోగానే గ్రూపుల్లో అంకెలు వరదలా వస్తాయి. ‘ఫలానావాడికి వంద మిలియన్లు’ అని ఎవరైనా పెడితే కింద ఒక్క ప్రశ్న అడగండి, సంతకం రోజుకు గ్యారంటీ ఎంతని. తెలియకపోతే నాకు ట్యాగ్ చేయండి, వెతికి పెడతాను. ఎవరైనా శిబిరానికి వచ్చి ఆడకుండా కూర్చుంటే తిట్టేముందు అతని కాంట్రాక్టులో మిగిలిన ఏడాది ఏ రకందో చూడండి. చూశాక కూడా తిట్టాలనిపిస్తే తిట్టండి, కాదనను, డబ్బులిచ్చి టికెట్ కొన్నాం. ఒక మనిషి మోకాలు పోయినప్పుడు మాత్రం లడ్డూలు వద్దు. ఆ లడ్డూ పెట్టినాయన నాకు అన్నలాంటివాడు, కోపగించుకోడనే రాస్తున్నాను.

ఇంకొకటి. సెప్టెంబరు 28న పార్సన్స్ గ్రీన్‌బే జట్టుతో ఆర్లింగ్టన్ వచ్చినప్పుడు, 40-40తో ఆట టై అయిన రాత్రి, మా వాడు పాత 11 నంబరు కౌబాయ్స్ చొక్కాతోనే స్టేడియానికి వచ్చాడు. వాణ్ణి ఏడిపించి ఏడిపించి వదిలారు. అప్పటినుంచి అది అల్మారాలోనే ఉంది. వచ్చే ఆదివారం ఆట మా ఇంట్లోనే, పులిహోర, మిరపకాయ బజ్జీలు. వాడు ఆ చొక్కా వేసుకుంటానంటున్నాడు. ఎవరూ ఏమీ అనకండి.

మీ,
ఫ్రిస్కో నుంచి ఒక కౌబాయ్స్ అభిమాని
డిసెంబరు 2025